గట్టు మీది గిలిగిచ్చ, ఎర్రచుక్కల రెక్కలు

ఆగస్టు 4, ఆదివారం

చంద్రగిరి దగ్గర మా పొలంలో అరెకరం జనుము వేశాం. వరి నాట్లకు ముందు కలియదున్నేస్తే నేలకు బలం అని అన్న ఏటా చేసే పనే. ఇప్పుడది నడుం ఎత్తుకు వచ్చి పసుప్పచ్చ పూలు తొడిగింది. పొద్దున చేలో అడుగు పెట్టగానే కాళ్ల దగ్గర నుంచి తెల్లగా ఏదో లేచింది. పది అడుగులు ఎగిరిందో లేదో, ఆకు చాటుకు దూరి కనబడకుండా పోయింది. ఇంకో అడుగు వేస్తే ఇంకోటి. మెల్లగా పోయి వంగి చూస్తే, రెక్కలు ఒంటికి చుట్టుకుని ఎండు పుల్లలాగా కూర్చుని ఉంది. సున్నం కొట్టిన గోడకు పండగ నాడు కుంకుమతోనూ కాటుకతోనూ చుక్కలు పెట్టినట్టు, తెల్లటి రెక్క నిండా ఎర్ర చుక్కలు, వాటి మధ్య సన్నగా నల్ల చుక్కలు.

ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్సుతో ఇరవై ఫోటోలు తీస్తే రెండు పనికొచ్చాయి. రాత్రి తిరుపతి వచ్చాక పోల్చి చూసుకున్నాను. యుటెథీసా పుల్చెల్లా, ఇంగ్లీషులో మాత్ అనే రకం పురుగు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరు. పుల్చెల్లా అంటే లాటిన్‌లో చిన్ని అందగత్తె. రెక్కలు విప్పితే మూడు నుంచి నాలుగు సెంటీమీటర్లు. ఆఫ్రికా, మధ్యధరా తీరం, అరబ్బు దేశాలు, అక్కడి నుంచి మన దాకా ఎండ కాసే పొడి నేలలన్నీ దీని ఊళ్లే. ఒక్కోసారి వలస పోతూ ఇంగ్లండు దాకా చేరుతుందట. అంత దూరం పోగలిగినది మా జనుము చేలో పది అడుగులకే ఆకు కింద దాక్కుంటోంది. అచ్చం దీనిలాగే ఉండే లోట్రిక్స్ అనే జాతి కూడా మన దేశంలో ఉంది. ఫోటో చూసి రెండింటినీ విడదీయడం కష్టం. ఈ డైరీలో పుల్చెల్లా అని రాసిన చోటల్లా ఆ అనుమానం కలుపుకునే చదవాలి.

తెలుగులో దీన్ని ఏమనాలో తేల్చుకోవడానికే ఒక పూట పట్టింది. చిమ్మట అందామంటే మా ఊళ్లో రాత్రిపూట కీచుమని అరిచేదాన్ని కూడా చిమ్మట అనే అంటారు. పగలు ఎగిరేది సీతాకోకచిలుక, రాత్రి లైటు చుట్టూ తిరిగేది దీపం పురుగు అన్నది అమ్మ లెక్క. ఇది రెండు పూటలా ఎగురుతుంది. చివరికి వ్యవసాయం వాళ్ల మాటలే తీసుకున్నాను. రెక్కలొచ్చినది తల్లి పురుగు, పాకేది గొంగళి పురుగు. మగదాన్ని కూడా తల్లి పురుగు అనాల్సి రావడం కాస్త తమాషాగానే ఉంది.

అనుకున్న పని ఇది. గుడ్డు నుంచి రెక్కల దాకా ఒక తరం మొత్తం డాబా మీద పెంచి ఫోటోలు తీయడం. పొలంలో జనుము ఉంది, గట్టు మీద గిలిగిచ్చ ఉంది, కాలువ పక్కన నాగదంతి ఉంది. మూడూ ఇది తినే మొక్కలే. మా దగ్గర దేన్ని నమ్ముకుని బతుకుతోందో చూడాలి.

ఆగస్టు 11

పొద్దుటి నుంచి మొక్కల వెతుకులాట. శేషాచలం అడవి ఇంటి వెనకే ఉన్నట్టుంటుంది కానీ అక్కడ ఆకు కూడా తుంచకూడదు. అందుకని మా గట్లు, స్వర్ణముఖి ఒడ్డున బంజరు, అంతవరకే.

గిలిగిచ్చను పట్టుకోవడానికి కళ్ల కంటే చెవులు మేలు. ఎండిన కాయ తగిలితే లోపల గింజలు గలగలమంటాయి. చిన్నప్పుడు కాళ్లకు కట్టుకుని గజ్జెలని ఎగిరింది వీటితోనే. దీని శాస్త్రీయ నామం క్రోటలేరియా కూడా గిలక్కాయ అనే గ్రీకు మాట నుంచే వచ్చింది. అమెరికాలో తోకతో గలగలలాడించే పాముకు క్రోటలస్ అనే పేరూ అందులోదే. జనుము కూడా ఈ క్రోటలేరియాల్లో ఒకటే. మా గట్టున ఉన్నది ఊదారంగు పూల గిలిగిచ్చ, క్రోటలేరియా వెర్రుకోసా.

నాలుగు మొక్కలు వేళ్లతో తవ్వి తెచ్చి కుండీల్లో పెట్టాను. సాయంత్రానికే నాలుగూ తల వాల్చేశాయి. తల్లి వేరు లోతుకు పోయి ఉంటుంది, తవ్వేటప్పుడు తెగింది. తప్పు నాదే. గింజలే వేయాలి. గింజ పైతోలు రాయి లాంటిది. ఉప్పు కాగితం మీద రెండు రుద్దులు రుద్ది, గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. ఇరవై వేశాను.

అవ్వ మెట్ల దగ్గర కూర్చుని అంతా చూస్తోంది. "గిలిగిచ్చ ఎవరన్నా కుండీలో పెంచుతారా నాయనా, పీకి పారేసేదాన్ని?" అంది. కాసేపాగి, "ఆ గింజలు మేకలకు అందనీయొద్దు" అని కూడా అంది.

ఆగస్టు 18

గుడ్లు దొరికాయి!

అక్క కూతురు ఏడో తరగతి. ఆదివారం వచ్చి నాతో పాటు చేలో దిగింది. దాని కళ్లు నా లెన్సు కంటే నయం. "మామా, ఇది చూడు, ఎవరో సగ్గుబియ్యం అతికించారు" అని జనుము ఆకు తిప్పి చూపించింది. ఆవగింజలో సగం కూడా లేవు. లేత పసుపు తెలుపు, గుండ్రంగా, పక్కపక్కనే. రెండుసార్లు లెక్కపెట్టాం. 23.

ఆకుతో సహా కోసి, కాడకు తడి దూది చుట్టి, టిఫిన్ బాక్సు అడుగున టిష్యూ పరిచి పెట్టాను. మూతకు బదులు దోమతెర గుడ్డ, రబ్బరు బ్యాండు. సీసాలో నీళ్లు పోసి అందులో కొమ్మ గుచ్చడం అందరూ చేసే పని. పిల్ల పురుగులు కాడ వెంబడి దిగి నీళ్లలో మునిగి చస్తాయి. సీసా మూతిని దూదితో బిగించి తీరాలి.

ఆగస్టు 22

రాత్రి పొదిగాయి. 21. మిగిలిన రెండు గుడ్లు నల్లబడి అలాగే ఉన్నాయి. దారప్పోగు తునకల్లా ఉన్నాయి పిల్లలు. ఆకు కింది పొరను మాత్రమే గీరి తింటాయి, పై పొర కాగితంలా మిగులుతుంది. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే ఆకు నిండా అద్దాల కిటికీలు.

ఆగస్టు 25

అన్న ట్రాక్టర్ పిలిపించి జనుము కలియదున్నించేశాడు. చెప్పాపెట్టకుండా ఏమీ కాదు, పూత దశలో దున్నాలని నాకూ తెలుసు. కాయ పట్టే దాకా ఉంచితే కాండం ముదిరి నార తేలుతుంది, నేలలో తొందరగా మురగదు. రొటావేటర్ వెనక కొంగలు, మైనాలు వరసగా నడుస్తున్నాయి. తెల్లటి తల్లి పురుగులు పదీ ఇరవై ఒకేసారి లేచి గట్ల వైపు పోవడం చూశాను. గుడ్లూ పిల్లలూ మట్టిలోకి.

అప్పుడు తట్టింది. ఈ పురుగుకు జనుము చేను వచ్చిపోయే సత్రం లాంటిది. ఇక్కడ గుడ్లు పెట్టినదాని పిల్లలు చాలామటుకు రెక్కల దాకా రావు. పూత రాగానే దున్నేస్తాం కాబట్టి. మరి ప్రతి ఏడూ చేలోకి వచ్చేవి ఎక్కడ పుడుతున్నాయి? ప్రాజెక్టు ఫోటోల కోసం మొదలుపెట్టాను కానీ ఇవాళ్టి నుంచి నా ప్రశ్న ఇదే.

ఆగస్టు 29

నాశనం. పొద్దున లేచి చూసేసరికి బాక్సు మీద ఎర్రచీమల బారు. 21లో 9 మిగిలాయి.

అవ్వకు చెప్తే తిట్టలేదు, నవ్వింది. పండక్కి చేసిన అరిసెల డబ్బాను ఎట్లా పెడతావో తెలియదా అంది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద డబ్బా. మా ఇంట్లో ప్రతి సంక్రాంతికీ చూసే పనే, ఆ ఆలోచన నాకు రాలేదు. ఇప్పుడు మూడు బాక్సులూ మూడు నీళ్ల పళ్లేలలో ఉన్నాయి.

సెప్టెంబర్ 1

తగ్గిన లెక్క పూడ్చుకోవడానికి గట్టు మీది గిలిగిచ్చ నుంచి ఎనిమిది పిల్ల పురుగులు తెచ్చాను. నల్లటివి, వెంట్రుకలవి, చారలవి. మా వాటిలాగే ఉన్నాయి. అన్నీ కలిపి ఒకే బాక్సులో వేశాను. మొత్తం 17.

(ఈ ఎంట్రీని తర్వాత చదువుకుని తల కొట్టుకున్నాను. సెప్టెంబర్ 20 చూడండి.)

సెప్టెంబర్ 3

రెండు తప్పిపోయాయి. బాక్సంతా వెతికాను, టిష్యూ కింద కూడా లేవు. చివరికి కొమ్మ తీసి ఊపితే, ఒక కాయలో గలగలకు బదులు మెత్తటి చప్పుడు. తిప్పి చూస్తే గుండ్రటి రంధ్రం. నాలుగు కాయలు ఒలిస్తే రెండింటిలో రెండు పురుగులు, పచ్చి గింజల్ని సగం సగం కొరికి హాయిగా ఉన్నాయి.

ఆకు పెట్టెడు ఉండగా తోలు తొలుచుకుని లోపలికి పోవడం ఎందుకు? గింజల్లో మాంసకృత్తులు ఎక్కువ, అది సరే. కానీ అసలు సంగతి విషం.

ఇది కొంచెం విస్తారంగా రాస్తాను, ఎందుకంటే రెండు రాత్రులు దీని మీదే చదివాను. క్రోటలేరియా, నాగదంతి వంటి మొక్కల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే చేదు విషాలు ఉంటాయి. క్రోటలేరియా జాతుల్లో చాలావాటిలో ఆ విషం ఆకుల్లో కంటే గింజల్లో దట్టంగా ఉంటుంది. పశువులకైనా మనుషులకైనా అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1970ల్లో, అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో, సామల్లో కలిసిపోయిన ఒక క్రోటలేరియా జాతి గింజల్ని తిని జనం కాలేయం చెడి మంచాన పడ్డారు, ప్రాణాలు కూడా పోయాయి. మేకలకు అందనీయొద్దని అవ్వ అన్నది ఊరికే కాదు.

పుల్చెల్లాకు అమెరికాలో ఒక దగ్గరి చుట్టం ఉంది, యుటెథీసా ఆర్నాట్రిక్స్. కార్నెల్ యూనివర్సిటీలో థామస్ ఐస్నర్, జెరోల్డ్ మైన్‌వాల్డ్ దాని గుట్టు ఏళ్ల తరబడి విప్పారు. ఫ్లోరిడాలో ఐస్నర్ చూసినది ఏమిటంటే, ఆ పురుగు సాలెగూట్లో పడితే సాలీడు దగ్గరికి వచ్చి తడిమి చూసి, చుట్టూ ఉన్న పోగుల్ని తానే కత్తిరించి కింద వదిలేస్తుంది. విషం లేని చిక్కుడు గింజల మేత మీద పెంచిన పురుగుల్ని మాత్రం అదే సాలీడు తినేసింది. అంటే ఆ రక్షణ పుట్టుకతో వచ్చింది కాదు, చిన్నప్పుడు తిన్న తిండిలోంచి కూడబెట్టుకున్నది.

అంతటితో ఆగలేదు. మగది ఆ విషంలోంచే ఒక వాసన తయారుచేసి, కూడేముందు ఆడదాని ముందు కుంచెల్లాంటి వెంట్రుకలు విప్పి చూపిస్తుంది. కూడినప్పుడు వీర్యంతో పాటు విషం కూడా ఒక మూటగా ఇస్తుంది. ఆ మూట బరువు మగదాని ఒంటి బరువులో సుమారు పదో వంతు. ఆడది అందులోంచి కొంత, తన దాంట్లోంచి కొంత తీసి గుడ్లకు పట్టిస్తుంది. చీమలు, అక్షింతల పురుగులు అలాంటి గుడ్లను నోట్లో పెట్టుకుని వదిలేస్తాయి. ఇదంతా చదివి అమ్మకు చెప్తే, "మగపెళ్లివారే ఇచ్చుకుంటారన్నమాట. కట్నం కాదు, ఓలి" అంది. ఇంత ముక్కు సూటిగా నేను చెప్పలేకపోయాను.

ఇదంతా అమెరికా జాతి మీద తేలిన సంగతి. మా పురుగు కూడా అవే మొక్కలు తిని అవే విషాలు దాచుకుంటుంది కానీ, ఈ వివరాలన్నీ ముక్కకు ముక్క దీనికి అంటగట్టను. ఇంకోటి, చీమలు ఇలాంటి గుడ్లు వదిలేస్తాయి సరే, ఆగస్టు 29న నా పిల్లల్ని మాత్రం వదల్లేదు. లేత జనుము ఆకు తప్ప ఇంకేమీ తిననందుకా? ఏమో.

సెప్టెంబర్ 5

ఏ తిండితో తొందరగా ఎదుగుతాయో చూద్దామని పిల్లల్ని రెండు బాక్సులుగా విడగొట్టాను. ఒకదానిలో 8, గిలిగిచ్చ ఆకు మాత్రమే. రెండోదానిలో 9, ఆకుతో పాటు పచ్చి కాయలు. రోజూ రాత్రి తొమ్మిదికి తిండి మార్చడం, పెంట ఊడ్చడం, ఫోటో. ఆఫీసు నుంచి ఆలస్యమైతే టెన్షన్. ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టే ఉంది వ్యవహారం.

కుండీల్లో 9 మొలకలు లేచాయి.

సెప్టెంబర్ 12

కాయల బాక్సులో ఏడు గూడు కట్టుకున్నాయి, ఆకుల బాక్సులో రెండే. రెండు చనిపోయాయి, ఒకటి బూజు పట్టి, ఒకటి ఊరికే. గూడు అన్నానని పట్టుపురుగు గూడులా ఊహించుకోకండి. ఎండాకుల మధ్య సాలెపట్టు లాంటి పల్చటి పోగులు నాలుగు, లోపల గోధుమరంగు ప్యూపా, అంటే గొంగళి పురుగు రెక్కల పురుగుగా మారే దశ. అంతే.

కాయ తిన్నవి ముందు ముగించాయి అని డైరీలో పెద్దక్షరాలతో రాసుకున్నాను.

సెప్టెంబర్ 20

ఆ పెద్దక్షరాలు కొట్టేస్తున్నాను.

మొన్నటి నుంచి తల్లి పురుగులు వస్తున్నాయి. మొదటి మూడూ తెల్లవి, ఎర్రచుక్కలవి. కింది రెక్క తెల్లగా, అంచున వంకర నల్ల కట్టుతో, మొదటిసారి విప్పి చూశాను. నాలుగోది నారింజ రంగు! ఒళ్లంతా నారింజ, మీద నల్ల చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత అంచు. ఏదో మార్పు చెందిన పుల్చెల్లా అని పది నిమిషాలు గంతులేశాను. అక్క కూతురు ఫోన్లో ఫోటో చూసి, "మామా, ఇది వేరే పురుగు" అంది. వేరేదే. ఆర్జినా ఆస్ట్రియా. అది కూడా క్రోటలేరియానే తింటుంది, అది కూడా కాయ తొలిచే రకమే, దాని పిల్లలు కూడా నల్లగా వెంట్రుకలతో చారలతోనే ఉంటాయి. పాత ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తోంది. పుల్చెల్లాకు వీపు మీద పొడుగ్గా తెల్లటి గీత, ప్రతి కణుపుకూ నారింజ ఎరుపు మచ్చలు. ఆర్జినాకు అడ్డంగా తెల్లటి పట్టీలు. అప్పుడే చూసి ఉండాల్సింది.

లెక్క: 15 ప్యూపాల్లో తెల్లవి 8, నారింజవి 5. ఒకటి ఎండిపోయింది. ఇంకో దానిలోంచి ముళ్ల వెంట్రుకల ఈగ వచ్చింది. పిల్లగా ఉన్నప్పుడే దాని మీద గుడ్డు పెట్టిపోయే పరాన్నజీవి. ఏ బాక్సులో ఏ జాతి ఎన్ని ఉన్నాయో తెలియదు కాబట్టి కాయల పందెం చెల్లదు. రెండు జాతుల్ని కలిపి పరుగు పందెం పెట్టి, గెలిచినవాడి చొక్కా రంగు చూడలేదు నేను.

సెప్టెంబర్ 29

మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఇంట్లో పుట్టిన తెల్లవాటినే దోమతెర పంజరంలో, కోసిన గిలిగిచ్చ కొమ్మతో పాటు వదిలాను. పంచదార నీళ్ల దూది పెట్టాను. మూడో రాత్రికి గుడ్లు. పిల్లల్లో 24 ఎంచి ఆకు బాక్సుకు 12, కాయ బాక్సుకు 12. ప్రతి బాక్సు మీద జాతి, తేదీ, తిండి రాసిన చీటీ.

అక్టోబర్ 6

బల్లి సంగతి. వరండా ట్యూబ్‌లైట్ కింద ఒక బల్లి ఎప్పుడూ కాపలా. దీపం పురుగుల్ని టపాటపా మింగుతుంది. పంజరం తెరిచినప్పుడు ఒక తెల్లది తప్పించుకుని నేరుగా లైటు దగ్గరికి పోయింది. అయిపోయిందనుకున్నాను. బల్లి పట్టుకుంది, తల అటూ ఇటూ విదిలించింది, వదిలేసింది. గోడకు మూతి రుద్దుకుంది కూడా. పురుగు నేల మీద కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంది, మెడ దగ్గర పసుప్పచ్చ నురగ. ఐదు నిమిషాల తర్వాత లేచి ఎగిరిపోయింది.

కెమెరా చార్జింగ్‌లో ఉంది. ఒక్కసారి చూసింది రుజువు కాదు. మళ్లీ చూద్దామని ఇంకో పురుగును బల్లికి వేయబుద్ధి కాలేదు.

అక్టోబర్ 20

వానలు. మనకు అసలు వాన ఇప్పుడే, ఈశాన్యం నుంచి. బాక్సుల్లో తేమ ఎక్కువై ఆకులు బూజు పడుతున్నాయి. రోజుకు రెండుసార్లు టిష్యూ మార్చాల్సి వచ్చింది. రెండో విడతలో ఆకు బాక్సు నుంచి 8, కాయ బాక్సు నుంచి 10 ప్యూపా దశకు చేరాయి. కాయ తిన్నవి 16, 17 రోజుల్లో, ఆకు తిన్నవి ఎక్కువగా 19, 20 రోజుల్లో. పన్నెండేసి పురుగులతో ఇంతకంటే గట్టిగా మాట్లాడను. కాయల బాక్సు కిటికీ పక్కన ఉంది, ఆ మూడు రోజులూ గాలి వెలుతురు చలవ కూడా కావచ్చు.

గుడ్లు పెట్టడానికి మాత్రం తల్లి పురుగుకు కాయలతో నిమిత్తం లేదు. పూత కొమ్మ, కాయ కొమ్మ, లేత కొమ్మ మూడూ పెడితే మూడింటి మీదా పెట్టింది.

వాన లేని ఒక పూట నాగదంతి మొక్కలు తెచ్చాను. పూలగెల తేలు కొండిలా చుట్టుకుని ఉంటుంది, అందుకే తేలుకొండి అని కూడా అంటారు. మిగిలిన నాలుగు పిల్లలకు వేస్తే తిన్నాయి కానీ, గిలిగిచ్చ రుచి మరిగినవి మొదట ఒక రోజు అలిగాయి. వాడిపోయిన మొక్కల్ని పారేయకుండా డాబా తీగ మీద తలకిందులుగా వేలాడదీశాను. మూడో రోజు మధ్యాహ్నం వెళ్లి చూస్తే దాని మీద పద్నాలుగు సీతాకోకచిలుకలు! నల్లటి రెక్కల మీద నీలి చారలవి ఎక్కువ, జిల్లేడు మీద పెరిగే నారింజవి రెండు. పూలు లేవు, తేనె లేదు, ఎండిన కాడల్ని గీరి పీలుస్తున్నాయి. వీటికీ ఈ విషమే కావాలి. మగవి దానితోనే ఆడవాటికి వాసన తయారుచేసుకుంటాయి. బట్టలు ఆరేయడానికి వచ్చిన అమ్మ తడిచీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ పూట తీగ వాటికే వదిలేశాం.

నవంబర్ 10

పక్క పొలం మామ డాబా మీది బాక్సుల సంగతి ఎవరి దగ్గరో విన్నాడు. "ఏమప్పా, గొంగళి పురుగుల్ని సాకతా ఉండావంట? మా చెనక్కాయలకు ఎర్ర గొంగళి చాలదా?" అన్నాడు గట్టు మీదే.

ఆయన భయం న్యాయమైనదే. వేరుశనగను తినే ఎర్ర గొంగళి పురుగు ఈ పుల్చెల్లాకు కుటుంబం వరసలో చుట్టమే. తొలకరి వాన పడగానే భూమిలోంచి తల్లి పురుగులు గుంపుగా లేస్తాయి. ఊరంతా కలిసి పొలాల్లో మంటలు వేసి వాటిని రప్పించి చంపడం, చేను చుట్టూ లోతు చాలు తీసి పాకే పురుగుల్ని అందులో పడేయడం ఆయన కళ్లారా చూసినవాడు. ఫోన్లో రెండింటి ఫోటోలు చూపించాను. ఇది జనుము, గిలిగిచ్చ, నాగదంతి తింటుంది, చెనక్కాయ జోలికి రాదు అన్నాను. "జనుము తింటుంది కదా" అన్నాడు వెంటనే. నిజమే. విత్తనం కోసం జనుము పెంచేవాళ్లకు ఇది పురుగే, కాయ తొలిచేస్తుంది. పచ్చిరొట్ట కోసం వేసినవాళ్లకు దీనివల్ల పోయేది నాలుగు ఆకులు. ఆ తేడా ఒప్పుకున్నాడు.

అసలు మాట తర్వాత వచ్చింది. అన్న గట్ల మీద కలుపు మందు కొట్టించాలనుకుంటున్నాడు, పాములు చేరుతున్నాయని. ఆగస్టు నుంచి గట్టు మీద గిలిగిచ్చ మొక్కల్ని నడుస్తూ లెక్కపెడుతూ వచ్చాను. తూర్పు గట్టున 31. అందులో పురుగు కొరికిన ఆనవాళ్లు, అంటే కిటికీలు పడ్డ ఆకులు గానీ రంధ్రం పడ్డ కాయలు గానీ, 22 మొక్కల మీద కనిపించాయి. చేలో జనుము మట్టిలో కలిసి మూడు నెలలు కావస్తున్నా ఇక్కడ తెల్లవి ఎగురుతూనే ఉన్నాయి. ఆగస్టు 25 నాటి ప్రశ్నకు ఇంతకంటే జవాబు నాకు దొరకలేదు. ఆ గట్టు ఒక్కటీ వదిలేయమన్నాను.

"గిలిగిచ్చ కోసమా?" అన్నాడు అన్న.

"అవును."

"పాము కరిస్తే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. బేరం కుదిరింది చివరికి. నడిచే దారి వైపు కొడవలితో కోయించడం, మందు లేదు. మోటారు షెడ్డు నుంచి వేపచెట్టు దాకా ముట్టుకోరు. మేకలు అటు రాకుండా కంప వేసే పని నాది.

డిసెంబర్ 8

కంప వేశాను. చేతులు గీరుకుపోయాయి.

ఫోటోల వరస పూర్తయింది, ఒక్కటి తప్ప. గుడ్డులోంచి పిల్ల బయటికి వచ్చే క్షణం నాలుగు సార్లు కాపలా కాసినా దొరకలేదు, నాలుగు సార్లూ నేను నిద్రపోయాకే వచ్చాయి. ఇంట్లో పుట్టిన తల్లి పురుగులన్నింటినీ తూర్పు గట్టు మీద వదిలేశాను.

కుండీల్లో గిలిగిచ్చ ఐదు మిగిలాయి, రెండు ఊదా పూలు తొడిగాయి. మంచుకు తడిసిన మొక్కల్ని ఇవాళ పొద్దున అవ్వే ముందు చూసింది. "నాయనా, నీ సగ్గుబియ్యం" అని పిలిచింది. అంటే బయట నుంచి ఏదో ఒకటి డాబా దాకా వచ్చి పెట్టి వెళ్లింది. చంద్రగిరి పొలం నుంచి ఇక్కడికి పది కిలోమీటర్ల పైనే. పొలం నుంచి వచ్చిందో, వీధి చివర ఖాళీ స్థలం నుంచి వచ్చిందో. లెక్కపెడితే 17. పుల్చెల్లావో ఆర్జినావో ఇప్పుడే చెప్పను. కుండీకి చీటీ కట్టి తేదీ మాత్రం రాశాను, జాతి దగ్గర ఖాళీ వదిలాను.